తుంగభద్ర కాలువ మీద క్యాంపుల తొలినాళ్లు: పెద్దల జ్ఞాపకాలూ ఊరి ఆనవాళ్లూ సేకరించే పద్ధతి

2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర ఆనకట్టలో గొలుసు తెగి 19వ గేటు కొట్టుకుపోయింది. ఆ కాలువ నీళ్ల కోసం కోస్తా ఆంధ్ర నుంచి కర్ణాటకకి వలసొచ్చిన తెలుగు రైతులు కట్టుకున్న ఊళ్లని ఇక్కడ క్యాంపులంటారు. మర్నాడు పొద్దున మా క్యాంపు రామాలయం అరుగు మీద అందరూ చేరారు. డ్యాం ఖాళీ అయితే రెండో పంట గతేమిటని మొదలైన మాటలు అరగంటలో 1950ల్లోకి వెళ్లిపోయాయి. ఎవరి బావమరిది ముందొచ్చి పొలం చూసి వెళ్లాడో, మొదటి వానకి నల్లరేగడిలో ఎవరి బండి ఇరుసు దాకా దిగబడిందో, తాగునీళ్లకి ఎంత దూరం నడిచారో అన్నీ బయటికొచ్చాయి. అంతకు ముందు నెల రోజులు నేను ఇంటింటికీ వెళ్లి అడిగినా రాని సంగతులవి. ఆ రోజు నేను రికార్డు చెయ్యలేదు. ఆ అరుగు మీద కూర్చున్న వాళ్లలో ఇద్దరు ఇప్పుడు లేరు.

ఇలాంటి పని మొదలుపెట్టాలనుకునే వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. నాకు తెలిసింది తుంగభద్ర ఎడమ కాలువ కింద, గంగావతి నుంచి కారటగి, సింధనూరు మీదుగా మాన్వి దాకా పరుచుకున్న తెలుగు క్యాంపులు. నిజాంసాగర్ కింద బోధన్, వర్ని, బాన్సువాడ ప్రాంతాల్లో స్థిరపడ్డ కోస్తా కుటుంబాల వారసులకూ ఈ పద్ధతి పనికొస్తుంది. అక్కడి తేదీలు ఇంకా వెనకవి. నిజాంసాగర్ 1931లోనే పూర్తయింది కాబట్టి ఆ తొలితరం దాదాపు వెళ్లిపోయింది.

ఇక్కడ కూడా టైం లేదు. 1955లో ఇరవై ఏళ్ల వయసులో వచ్చిన మనిషికి 2025లో తొంభై. మనకి ఇప్పుడు ఎక్కువగా దొరికేది ఎనిమిది, పదేళ్ల పిల్లలుగా బండెక్కి వచ్చినవాళ్లే. అది తక్కువేమీ కాదు. రిజిస్ట్రేషన్ సంగతి పిల్లలకి తెలియకపోయినా దారిలో ఎక్కడ ఆగి అన్నం తిన్నారో బాగా గుర్తుంటుంది.

ముందు నేపథ్యం చదువుకోండి

పెద్దల దగ్గరికి ఖాళీ బుర్రతో వెళ్తే వాళ్లు కూడా పైపైన చెప్పి పంపిస్తారు. కనీసం ఈ వరుస తెలిసి ఉండాలి. ఆనకట్టకు 1945 ఫిబ్రవరి 28న శంకుస్థాపన జరిగింది. అప్పుడు నదికి ఎడమ గట్టు నిజాం రాజ్యం, కుడి గట్టు మద్రాసు ప్రెసిడెన్సీ. ఖర్చూ నీళ్లూ ఇద్దరివీ. 1948 సెప్టెంబరులో పోలీసు చర్యతో హైదరాబాద్ రాజ్యం ఇండియాలో కలిసింది. 1953లో కాలువకు నీళ్లు వదిలారు. అదే ఏడు అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. 1956 నవంబరు 1న రాయచూరు జిల్లా మైసూరు రాష్ట్రంలోకి వెళ్లింది. అంటే 1954లో వచ్చిన కుటుంబం వచ్చింది హైదరాబాద్ రాష్ట్రానికి. మూడేళ్లు తిరక్కుండానే ఇల్లు కదలకుండా రాష్ట్రం మారిపోయింది. "మీరు వచ్చినప్పుడు ఇది ఏ రాష్ట్రం?" అని ఒక్క మాట అడిగి చూడండి. ఆఫీసు కాగితాలు ఉర్దూ నుంచి కన్నడంలోకి మారిన కథంతా దానితో పాటే వస్తుంది.

ఎడమ కాలువ పొడవు దాదాపు 227 కిలోమీటర్లు. దాని కింద ఏ సర్వే నంబరులో ఏ పంట వెయ్యాలో ప్రభుత్వం ముందే నిర్ణయించింది. దాన్ని లోకలైజేషన్ అనేవారు. ఎక్కువ భూమికి రాసింది జొన్న, పత్తి, వేరుశనగ లాంటి ఆరుతడి పంటలు, వరికి రాసింది కొంత మేరే. డెల్టా నుంచి వచ్చిన మనవాళ్లకి నీళ్లు కనబడితే వరి తప్ప వేరే ఆలోచన లేదు. కాలువ తలాపున వరి పెరిగింది, చివరి భూములకి నీళ్లు అందడం కష్టమైంది. ఈ సంగతి తెలిసి వెళ్తే కాలువ చివరి ఊళ్లో పెద్దమనిషి మాటలో చేదు ఎందుకో అర్థమవుతుంది.

పాత మ్యాపులు రెండు చోట్ల దొరుకుతాయి. అమెరికా సైన్యం 1950ల్లో భారతదేశానికి తయారుచేసిన మ్యాపుల వరుస టెక్సస్ విశ్వవిద్యాలయం లైబ్రరీ వెబ్‌సైట్‌లో ఉచితంగా ఉంది. 1960 నుంచి 1972 దాకా తీసిన కరోనా గూఢచారి ఉపగ్రహాల ఫొటోలు కూడా అమెరికా భూగర్భ సర్వే సంస్థ వెబ్‌సైట్‌లో వెతకొచ్చు. మన ప్రాంతం స్పష్టంగా పడిన ఫొటో దొరికితే పెద్ద కాగితం మీద ప్రింటు తీయించి వెంట తీసుకెళ్లండి. పక్కన 1951, 1961 జనాభా లెక్కల రాయచూరు జిల్లా పుస్తకాలు కూడా ఉండాలి. వాటిలో ఊరి వారీగా పట్టికలు ఉంటాయి. 1951లో లేని పేరు 1961లో కనబడిందంటే మన వెతుకులాట ఆ పదేళ్లకి కుదించినట్టే.

ఎవరిని అడగాలి

ఎవరూ చెప్పకపోయినా మనం మొదట వెళ్లేది పెద్ద రైతు ఇంటికే. కుర్చీ వేస్తారు, కాఫీ ఇస్తారు, బాగా మాట్లాడతారు. ఆ కథ దాదాపు ప్రతి క్యాంపులో ఒకేలా ఉంటుంది: "మేమొచ్చినప్పుడు ఇక్కడ ఏమీ లేదు, అంతా జాలి (తుమ్మ) చెట్ల అడవి, మా చేతులతో బాగుచేశాం." చెట్లు కొట్టారన్నది నిజం, పడ్డ కష్టమూ నిజం. ఏమీ లేదన్నది మాత్రం నిజం కాదు. విజయనగర రాజుల కాలువలు ఆనెగుంది దగ్గర ఇప్పటికీ పారుతున్నాయి. మస్కిలో అశోకుడి శాసనం ఉంది. మనవాళ్లు కొన్న ప్రతి ఎకరానికీ అమ్మిన మనిషి ఒకడున్నాడు, ఆ పొలానికి కన్నడంలో ఒక పేరుంది. ఈ ఒక్క కథతోనే సంతృప్తిపడి రాసేస్తే మన చేతిలో మిగిలేది సన్మానపత్రం, చరిత్ర కాదు.

కాబట్టి ఒక్కో క్యాంపుకి కనీసం నాలుగు వైపుల నుంచి మనుషుల్ని పట్టుకోండి.

మొదట ఆడవాళ్లు. భూమి చూడటానికి మగవాళ్లు ముందొచ్చారు, ఇల్లు నిలబెట్టింది తర్వాత వచ్చిన ఆడవాళ్లు. కాలువ నీళ్లు వడగట్టి తాగడం, కాన్పుకి పుట్టింటికి వెళ్లే దారి లేకపోవడం, సంతలో భాష రాక వేళ్లతో లెక్క చెప్పడం, జొన్నరొట్టె చెయ్యడం పక్క ఊరి అవ్వ దగ్గర నేర్చుకోవడం నేను విన్నది వాళ్ల నోటనే. మగవాళ్లు వరండాలో ఉన్నంతసేపూ నాయనమ్మలు నోరు విప్పరు. "ఆయనకే బాగా తెలుసు" అంటారు. మధ్యాహ్నం మగవాళ్లు నిద్రపోయే వేళ వంటింటి గడప దగ్గర కూర్చోండి.

రెండో వైపు, రైతు కుటుంబాలతో పాటు అదే బండిలో వచ్చిన పాలేర్లు, వడ్రంగులు, చాకళ్లు, మంగళ్లు. వాళ్ల పిల్లలు ఇప్పుడు క్యాంపు అంచున విడి వాడలో ఉంటారు. భూమి దొరకని వలస కథ వాళ్లది. దాన్ని పెద్ద రైతు ఇంట్లో కూర్చుని అడగకూడదు, వాళ్ల ఇంటికే వెళ్లాలి.

మూడోది పక్కనున్న పాత ఊరు. అక్కడి అజ్జలు, అవ్వలు మన రాకను ఎదురుగా నిలబడి చూసినవాళ్లు. కన్నడం బాగా రాకపోతే వచ్చిన మిత్రుణ్ని తీసుకెళ్లండి, వంగి నమస్కారం చేసి "అజ్జా, స్వల్ప నిమ్మ కాలద సుద్ది హేళ్రీ" (తాతా, కొంచెం మీ కాలం సంగతులు చెప్పండి) అని మొదలుపెట్టండి. భూమి ఎందుకు అమ్మారు, ఆ డబ్బు ఏమైంది, అప్పట్లో ఎకరం ఎంత పండేది, "ఆంధ్రదవరు" వచ్చాక కూలి రేటు ఎలా మారింది అని అడగండి. కొన్ని జవాబులు మనకి నచ్చవు. వాటిని మరింత జాగ్రత్తగా రాసుకోవాలి.

నాలుగోది భూమితో పనిలేని వాళ్లు: రిటైరైన లష్కరు, పోస్టుమాన్, బడి మాస్టారు, రైస్ మిల్లు డ్రైవరు, బస్సు కండక్టరు. కాలువ మీద గేట్లు తిప్పిన లష్కరుకి ఏ తూము ఎప్పుడు కట్టారో, దాన్ని రాత్రిపూట ఎవరు తెరిచేవారో తెలుసు. సింధనూరు చుట్టుపక్కల అయితే ఆర్.హెచ్. క్యాంపుల బెంగాలీ పెద్దల్ని కూడా కలవండి. 1971 ప్రాంతంలో తూర్పు బెంగాలు నుంచి వచ్చిన శరణార్థులకి ఇచ్చిన క్యాంపులవి. భూమి కొని వచ్చినవాళ్ల జ్ఞాపకం ఒక రకం, దేశం విడిచి వచ్చినవాళ్ల జ్ఞాపకం ఇంకో రకం. రెండూ పక్కపక్కన వింటే రెండూ ఇంకా బాగా తెలుస్తాయి.

ఎలా అడగాలి

"మీ జీవితం గురించి చెప్పండి తాతయ్యా" అంటే ఎవరూ చెప్పలేరు. "ఏముంది బాబూ, వచ్చాం, కష్టపడ్డాం" అని ఆపేస్తారు. నా అనుభవంలో జ్ఞాపకం చోటుని పట్టుకుని ఉంటుంది. అందుకే ఏ సంవత్సరం వచ్చారనే ప్రశ్నతో నేను మొదలుపెట్టను. "దిగిన రోజు మీ సామాను ఎక్కడ పెట్టారు?" అని అడుగుతాను. ఆ ఒక్క ప్రశ్నకి మొదట ఒక చెట్టో, ఒక గుడో, పాత ఊరి గౌడ గారి కొట్టమో వస్తుంది. దాని వెంటే మనుషులు వస్తారు, మనుషుల వెంట సంఘటనలు.

ప్రయాణాన్ని అడుగడుగునా అడగండి. కృష్ణా, గుంటూరు జిల్లాల నుంచి వచ్చినవాళ్లు ఎక్కువగా గుంతకల్లు మీదుగా మీటర్ గేజి రైల్లో బళ్లారి, హోస్పేట వైపు వచ్చారు. గంగావతికి రైలు వచ్చింది మొన్నమొన్న. స్టేషన్ నుంచి ఎడ్లబండా, లారీయా, నడకా? నది దాటింది వంతెన మీదా, పుట్టిలోనా? పశువుల్ని తెచ్చుకున్నారా, ఇక్కడ కొన్నారా? విత్తనం వడ్లు ఎక్కడివి? ఇంట్లో ఏం తెచ్చుకున్నారు, ఏం వదిలేసి వచ్చారు? వదిలేసినదాని గురించి అడిగినప్పుడు చాలామంది ఆగిపోతారు. అప్పుడు మనం మాట అందించకూడదు. పది, పదిహేను సెకన్లు ఊరుకోవడం మనకి కష్టంగా ఉంటుంది. అయినా ఊరుకోండి.

పిలుపు సంగతి కూడా చూసుకోవాలి. క్యాంపుల్లో అందరూ ఏదో వరసన చుట్టాలే. "అమ్మమ్మా", "పెదనాన్నా", "మామయ్యా" అని మనకున్న వరసతోనే పిలవండి. "సార్, మీ పేరు చెప్పండి" అని ఇంటర్వ్యూ చేసినట్టు మొదలుపెడితే గొంతు బిగుసుకుంటుంది. అయితే రికార్డు విన్నవాళ్లకి ఆ మనిషి ఎవరో తెలియాలి. అందుకని మొదట్లో మనమే తేదీ, చోటు, ఎవరితో మాట్లాడుతున్నామో చెప్పి "రికార్డు చేసుకోవచ్చా పెదనాన్నా, ఇది మన క్యాంపు వాళ్లు వింటారు" అని అడిగి, వాళ్ల "సరే" కూడా రికార్డులో పడనివ్వాలి.

భూమి గురించి అడిగేటప్పుడు జాగ్రత్త. కర్ణాటకలో 1974 మార్చి 1 నుంచి అమల్లోకి వచ్చిన భూసంస్కరణల సవరణ కౌలుదారీనీ భూపరిమితినీ తిరగరాసింది. ఎవరి పేరున ఎంత రాశారన్నది కొన్ని ఇళ్లలో ఇప్పటికీ పచ్చి పుండే. అన్నదమ్ముల పంపకాలు కోర్టులో ఉండొచ్చు. ఎవరైనా "ఇది ఆపు" అంటే వెంటనే ఆపి, ఆపినట్టు ఫోను చూపించండి. తర్వాత "ఆ ముక్క తీసెయ్యి" అన్నా తీసెయ్యాలి. 1948 నాటి సంగతులకీ ఇదే నియమం. పాత ఊళ్లో ఆ రోజుల్లో ఇల్లు పోగొట్టుకున్నవాళ్లు ఉంటారు. వాళ్లంతట వాళ్లు ఎత్తితే వినండి, మనంగా తవ్వొద్దు.

ఒక మనిషి దగ్గర గంటన్నరకి మించి కూర్చోకండి. రెండోసారి వెళ్లడం తప్పనిసరి. మొదటి రోజు మనం వెళ్లాక వాళ్లు రాత్రంతా గుర్తుచేసుకుంటారు, రెండో రోజు "మొన్న నీకు చెప్పింది తప్పు" అని మొదలుపెడతారు. అసలు సరుకు అక్కడే ఉంటుంది.

సంవత్సరం, రూపాయి, ఎకరం

నేను ఎక్కువ తప్పులు చేసింది ఇక్కడే, అందుకే కాస్త వివరంగా రాస్తాను.

పెద్దలు అంకెల్లో సంవత్సరం చెబితే దాన్ని వెంటనే నమ్మకండి. వాళ్లకి నిజంగా గుర్తున్నది వేరే లెక్క. "మన్మథ నామ సంవత్సరం ఉగాది వెళ్లిన నెలకి వచ్చాం" అంటే అది చాలా గట్టి ఆధారం. విజయ 1953-54, జయ 1954-55, మన్మథ 1955-56, దుర్ముఖి 1956-57, హేవిళంబి 1957-58. ఈ అయిదూ అట్ట మీద రాసి వెంట పెట్టుకోండి. పాత పత్రాల్లో ఫసలీ సంవత్సరం, అంటే నిజాం కాలపు రెవెన్యూ లెక్క సంవత్సరం, ఉంటే 590 కలపండి. ఫసలీ 1357 అంటే 1947-48.

సంవత్సరం పేరు కూడా గుర్తులేనివాళ్లకి సంఘటనలు అడగండి. నెహ్రూ పోయినప్పుడు, అంటే 1964 మేలో, మీరు ఇక్కడున్నారా, అక్కడున్నారా? చైనా యుద్ధం నాటికి పెద్దమ్మాయి పుట్టిందా? 1977 నవంబరు 19 దివిసీమ ఉప్పెన కబురు ఎవరు తెచ్చారు, ఇక్కడి నుంచి ఎవరు వెళ్లారు? ఈ చివరి ప్రశ్న కృష్ణా జిల్లా కుటుంబాల్లో తప్పకుండా అడగాలి. ఆ కబురు విని తిరిగి వెళ్లి, కొందరు బంధువుల్ని వెంట తెచ్చుకున్న ఇళ్లున్నాయి. రైతులకి వరి వంగడాలు కూడా క్యాలెండరే. ఐ.ఆర్. 8 వచ్చింది 1966లో, జయ 1968లో, బాపట్ల నుంచి సాంబ మసూరి బీపీటీ 5204 వచ్చింది 1986లో. "కొత్తిల్లు కట్టినప్పుడు పొలంలో ఏ రకం ఉంది?" అంటే ఇంటి వయసు రెండు, మూడేళ్ల తేడాతో తేలుతుంది.

ధరల దగ్గర ఇంకో చిక్కు. నిజాం రాజ్యానికి సొంత నాణెం ఉండేది, హాలీ సిక్కా. ఏడు హాలీ రూపాయలు ఆరు బ్రిటిష్ ఇండియా రూపాయలకి సమానం. హైదరాబాద్ రాజ్యం కలిసిపోయాక కూడా కొన్నేళ్లు అది చేతులు మారింది. 1950ల మొదట్లో ఎకరం ఇంతకి కొన్నామని ఎవరైనా చెబితే "హాలీయా, కల్దారా?" అని అడగండి. కల్దార్ అంటే ఇండియా రూపాయి. ఆ మాట వినగానే మనం తెలిసి అడుగుతున్నామని వాళ్ల ముఖంలో నమ్మకం కనిపిస్తుంది. 1957 ఏప్రిల్ 1న నయా పైసలు వచ్చేదాకా అణాల లెక్క నడిచింది కాబట్టి కూలి రేట్లు అణాల్లో వస్తాయి, వాటిని అలాగే రాయండి.

కొలతలు కూడా కలగాపులగం. మనవాళ్లు ఎకరానికి వంద సెంట్ల లెక్కలో మాట్లాడతారు, ఇక్కడి పహణీలో, అంటే పొలం వివరాలుండే రెవెన్యూ పత్రంలో, ఎకరానికి నలభై గుంటలు. "నాలుగెకరాల ఇరవై" అంటే సెంట్లయితే దాదాపు నాలుగుంబావు, గుంటలైతే నాలుగున్నర. ఒక కుటుంబం తొలి కమతం నేను ఇలాగే తప్పు రాసి, మూడు నెలల తర్వాత వాళ్ల పహణీ చూశాక దిద్దుకున్నాను.

ఆనవాళ్ల వెంట నడక

మాటలతో పాటు చోట్లు కూడా సేకరించాలి. కాలువ కట్టేసిన ఎండాకాలం దీనికి మంచి అదను. నీళ్లు లేని కాలువలో పాత తూములు, రాతి పలకలు, మెట్లు బయటపడతాయి. రాయచూరు ఎండ తెలిసిందే కాబట్టి పొద్దున ఆరింటికి బయల్దేరి తొమ్మిదిన్నరకల్లా పెద్దాయన్ని ఇంటికి చేర్చాలి. నడవలేనివాళ్లని ఆటోలో తిప్పండి, దిగమని బలవంతం చేయకండి. ఆటోలో కూర్చునే వేలు చూపించి ఎంతో చెబుతారు.

బయల్దేరే ముందు ఒక తెల్ల కాగితం ఇచ్చి వాళ్ల చేత క్యాంపు బొమ్మ గీయించండి. గీత బాగుండక్కర్లేదు. ఏది పెద్దగా గీశారో, ఏది అసలు గీయలేదో చూడండి. నేను గీయించిన వాటిలో మగవాళ్లవి దాదాపు అన్నీ కాలువతో మొదలయ్యాయి, ఆడవాళ్లవి నీళ్ల బావితో. క్యాంపు అంచున వాడలో ఒక పెద్దమ్మ గీసిన బొమ్మలో రామాలయం లేదు. ఎందుకు లేదని నేను అడగలేదు. అప్పట్లో తను ఎంత దూరంలో ఆగాల్సి వచ్చేదో ఆమే చెప్పింది.

నడకలో ఇవి తప్పక వెతకండి: మొదటి కళ్లం, మొదటి మంచినీళ్ల బావి, మొదటి బడి నడిచిన పాక, రామాలయం మొదట పెట్టిన చోటు (ఇప్పుడున్న చోటు చాలాసార్లు రెండోదో మూడోదో), టూరింగ్ టాకీస్ గుడారం వేసిన ఖాళీ స్థలం, రైస్ మిల్లు, బస్సు ఆగిన చెట్టు, శ్మశానం. శ్మశానం సంగతి అడగడానికి మొహమాటపడొద్దు. మొదటి చావు ఎవరిది, ఎక్కడ దహనం చేశారు, పాత ఊరి వాళ్లు చోటిచ్చారా అన్నదాన్లో ఆ రోజుల సంబంధాలన్నీ ఉంటాయి. పెద్ద గుర్తుల్లో గంగావతి వైపు పాపయ్య సొరంగం గురించి అడగండి. కాలువ కొండని తొలిచి వెళ్లే ఆ చోట పని చేసినవాళ్ల గురించి ఏ కుటుంబంలోనో ఒక కథ దొరకొచ్చు. మట్టి తవ్విందెవరు, ఎక్కడి నుంచి వచ్చారు, పని అయ్యాక ఎటు పోయారు అని ప్రతి చోటా అడగాలి. కాలువ గురించి మాట్లాడతారు గానీ దాన్ని తవ్వినవాళ్ల మాట అడగనిదే రాదు.

చోటుకి గుర్తుగా డిస్ట్రిబ్యూటరీ (పెద్ద కాలువ నుంచి చీలే పిల్లకాలువ) నంబరు రాయండి. క్యాంపుల పేర్లు మారతాయి. మొదట వచ్చిన కుటుంబం ఇంటిపేరుతో ఒక పేరు, తర్వాత దేవుడి పేరో నాయకుడి పేరో పెట్టి శ్రీరామనగర్, గాంధీనగర్ అన్నట్టు ఇంకో పేరు, రెవెన్యూ కాగితంలో పాత ఊరి పేరు. కాలువ నంబరు మాత్రం మారదు. "ముప్పై ఒకటో డిస్ట్రిబ్యూటరీ, మూడో తూము కింద" అంటే యాభై ఏళ్ల తర్వాతైనా దొరుకుతుంది. ఫోనులో ఆ చోటు అక్షాంశ రేఖాంశాలు కూడా నోట్ చేసుకుని, నాలుగు దిక్కులా ఫొటో తీయండి. పొలాల కన్నడ పేర్లు, వాగుల పేర్లు పాత ఊరి వాళ్లని అడిగి వాళ్లు పలికినట్టే తెలుగులో రాయండి. మనం "వంక" అన్నది వాళ్ల "హళ్ళ".

ఇంట్లో దాగిన సాక్ష్యాలు

మాట అయ్యాక "పాత కాగితాలేమైనా ఉన్నాయా?" అంటే లేవంటారు, నిజంగానే లేవనుకుంటారు. అలా కాకుండా ఒక్కొక్కటీ పేరు పెట్టి అడగండి. పాత శుభలేఖల్లో క్యాంపు తొలి పేరు, పోస్టాఫీసు ఉంటాయి. ఇన్‌లాండ్ లెటర్ల మీద తపాలా ముద్రలో తేదీ ఉంటుంది. స్టూడియో ఫొటో వెనక ఊరి ముద్ర ఉంటుంది, రెండు వైపులా ఫొటో తీయండి. పెళ్లికి, గృహప్రవేశానికి ఇచ్చిన స్టీలు, ఇత్తడి సామాను మీద ఇచ్చినవాళ్ల పేరూ తేదీ చెక్కి ఉంటాయి. ఒక ఇంట్లో అటక మీద బిందె మీదున్న తేదీతోనే ఆ కుటుంబం వచ్చిన ఏడు తేలింది. రామాలయం చందాదారుల పలక, బడి అడ్మిషన్ రిజిస్టరు, సొసైటీ పుస్తకాలు కూడా చూడండి. ఏదీ ఇంటికి తీసుకెళ్లొద్దు. అక్కడే, కిటికీ వెలుగులో, నీడ పడకుండా ఫొటో తీసి మళ్లీ వాళ్ల చేతిలో పెట్టండి.

భూమి పత్రాలకి నాడ కచేరీలో (తాలూకా కింది రెవెన్యూ ఆఫీసు), తాలూకా ఆఫీసులో పహణీ నకళ్లు అడగొచ్చు. 1956 ముందువి ఉర్దూలో ఉంటే చదవగలిగిన పెద్దాయన్ని వెతుక్కోవాలి. హైదరాబాద్ రాజ్యం నాటి దస్త్రాలు హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో ఉన్నాయి.

రికార్డు చెయ్యడం

ఖరీదైన పరికరం అక్కర్లేదు, ఫోను చాలు. ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, మడతపెట్టిన తువ్వాలు మీద, మాట్లాడే మనిషికి మూరెడు దూరంలో ఉంచండి. ఫ్యాను ఆపించండి, ఆపలేకపోతే వేపచెట్టు కిందికి మారండి. మొదట ఒక నిమిషం రికార్డు చేసి విని చూసుకోండి. మాటని కుదించకుండా వేవ్ (WAV) ఫైలుగా దాచే యాప్ అయితే మేలు. వీడియో అయితే చాలామంది బిగుసుకుపోతారు కాబట్టి మొదటి రోజు మాట మాత్రమే, నడక రోజున వీడియో.

ఇంటికి రాగానే, అన్నం తినకముందే, ఫైలుని రెండు చోట్లకి కాపీ చెయ్యండి: ఒకటి హార్డ్ డిస్కులో, ఒకటి ఇంకో ఊళ్లో ఉన్న మనిషి దగ్గరో ఆన్‌లైన్లోనో. ఒక ఫోను పాడై నాకు పదకొండు గంటల మాటలు పోయాయి. అందులో తొంభై మూడేళ్ల ఒక నాయనమ్మ పాడిన నాట్లపాట ఉంది. మళ్లీ అడిగే అవకాశం రాలేదు. ఫైలు పేరులో తేదీ, క్యాంపు, మనిషికి మీరిచ్చిన నంబరు, విషయం ఉండాలి. "కొత్త రికార్డింగ్ 14" అని వదిలేస్తే ఏడాదికి అది ఎవరి గొంతో మీకే తెలియదు.

రాసుకోవడం, సరిచూడటం

గంట మాటని రాతలో పెట్టడానికి నాకు అయిదారు గంటలు పడుతుంది. మాట మార్చకుండా రాయండి. మూడు తరాల తర్వాత క్యాంపు తెలుగు తెనాలి తెలుగూ కాదు, గుడివాడ తెలుగూ కాదు. వాక్యం మధ్యలో కన్నడం దానంతటది వచ్చేస్తుంది. దాన్ని శుద్ధి చేస్తే ఆ మనిషి గొంతు పోతుంది. అర్థం కాని చోట "వినబడలేదు" అని రాసి, రికార్డులో అది ఎన్నో నిమిషమో పక్కన వేసుకోండి. మొత్తం రాసే ఓపిక లేకపోతే అయిదేసి నిమిషాలకి విషయసూచిక రాసినా నయమే. రాయకుండా వదిలేసిన రికార్డుని తర్వాత ఎవరూ వినరు.

ఇద్దరు రెండు రకాలుగా చెబితే ఏది నిజమో మీరు తీర్పు చెప్పకండి. రెండూ రాయండి, ఎవరు ఎక్కడ నిలబడి చూశారో రాయండి. ఒక క్యాంపులో బావి ఎవరు తవ్వించారన్నదానికి నాకు మూడు జవాబులు వచ్చాయి. రైతు తన తాత అన్నాడు, వడ్రంగి కొడుకు ఊరందరి చందా అన్నాడు, పాత ఊరి అజ్జ ఆ బావి అంతకు ముందే ఉందని, పూడిక తీసి లోతు చేశారని అన్నాడు. బావి లోపల కింద ఒక రకం రాయి, పైన ఇంకో రకం రాయి కనబడ్డాయి. మూడు మాటలూ వరసగా రాసి, రాళ్ల ఫొటో పక్కన పెట్టాను.

కాగితం ఒకటి చెప్పి మనిషి ఇంకొకటి చెబితే కాగితాన్నే నమ్మాలని లేదు. రిజిస్ట్రేషన్ అయ్యే ఏడాదికి రెండేళ్ల ముందే మాట మీద పొలం చేసినవాళ్లు ఎందరో. అయితే కాగితం తేదీ, మాట తేదీ రెండూ రాసి, తేడా ఎంతో కనబడనివ్వండి. ఎక్కడో విన్నది, ఒక్కరే చెప్పింది, ఇద్దరు ముగ్గురు విడివిడిగా చెప్పింది, కాగితంతో కలిసింది అని నాలుగు గుర్తులు పెట్టుకుంటే తర్వాత చదివేవాళ్లకి దేని మీద ఎంత బరువు వెయ్యాలో తెలుస్తుంది.

రాత పూర్తయ్యాక పెద్ద అక్షరాల్లో ప్రింటు తీసి వాళ్ల దగ్గరికే తీసుకెళ్లి చదివి వినిపించండి. చూపు లేనివాళ్లుంటే మనవడి చేత, మనవరాలి చేత చదివించండి. నేను చూసిన ఇళ్లలో చాలామంది పిల్లలు ఆ కథని పూర్తిగా వినడం అదే మొదటిసారి. దిద్దమన్న చోట దిద్ది, తీసెయ్యమన్నది తీసేసి, ఒక ప్రతి ఆ ఇంట్లో, ఒకటి క్యాంపు బడిలో, కన్నడంలోకి మార్పించిన ఒకటి పాత ఊరి పంచాయతీలో ఇవ్వండి. ఆ చివరి ప్రతి ఇచ్చిన రోజున పాత ఊరి పెద్దలు ఇద్దరు మా కారు దగ్గరికి వచ్చి, మేం రాయని రెండు పొలాల పేర్లు చెప్పారు. వచ్చే వారం ఆ పొలాలు చూడటానికి వెళ్తున్నాం.